మాస్టారి కూతురి మొదటి కారు

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఈ కాస్త రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. మా ఎదురింటివాళ్ళను అడిగి తెలుసుకునే రాస్తున్నాను.

ఆ రోజు శనివారం. డ్రైవింగ్ స్కూలు మాస్టారు టీ గ్లాసుతో వాకిట్లోకి వచ్చేసరికి స్కూలు కారు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపించాయి. పక్కనే ఆయన తల్లి పీట వేసుకుని టార్చి పట్టుకుని కూర్చుంది.

"ఎవరది, నా బండి కింద?"

"కాళ్ళు చూసి కన్నకూతుర్ని గుర్తుపట్టలేవా నాన్నా?" అంది కారు కింది గొంతు.

వంటింట్లోంచి కోడలు కేకేసింది. "అత్తయ్యా, నా పట్టకారు ఏదీ?"

"పనిలో ఉందమ్మా. కాసేపాగి కడిగిస్తాను" అంది పెద్దావిడ టార్చి కదల్చకుండా.

ఆ పిల్లను ఇంట్లో అందరూ హారన్ అంటారు. పుట్టినప్పటి ఏడుపు అలాంటిది. పుట్టిన ఇరవై ఏళ్ళలో బొమ్మలడిగింది లేదు, నగలడిగింది లేదు. నాయనమ్మ ముప్ఫై ఏళ్ళుగా కార్ల సీటు కవర్లు కుడుతోంది. ఆ సీట్ల మధ్యే పాకి, వాటి మీదే నిద్రపోయి పెరిగిన పిల్ల. కార్ల చదువే చదివింది. ఊరవతల ఒక పెద్ద మరమ్మతు షాపులో ఉద్యోగం వచ్చింది. సోమవారం ఉదయం ఆరింటికల్లా చేరాలి. చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఆ వేళకు అటు బస్సు లేదు. అందుకే కారు కావాలి.

"నేను దింపుతాలే" అన్నాడు మాస్టారు.

"ఎన్నాళ్ళు?"

"నువ్వు రిటైరయ్యేదాకా."

"మీ కొడుకు మాటలకేం గానీ, చెప్పులు తొడుక్కోండి" అంది కోడలు అత్తగారితో. "మీరూ వెళ్ళండి అత్తయ్యా. ఈ ఇద్దర్నీ ఒంటరిగా పంపితే కారు రాదు, పోట్లాట వస్తుంది."

పాత కార్ల దుకాణంలో మాస్టారి కళ్ళు ఒక తెల్లకారు మీద పడ్డాయి. అద్దంలా మెరుస్తోంది. నడిపి చూపిస్తానని దుకాణదారు స్టీరింగు ముందు కూర్చున్నాడు. మాస్టారు అలవాటు కొద్దీ పక్కసీట్లో ఎక్కి, బెల్టు పెట్టుకుని, "ముందు అద్దం సరిచేసుకో బాబూ. కంగారు పడకు" అన్నాడు.

దుకాణదారు తెల్లబోయాడు. "నాకు డ్రైవింగ్ వచ్చండీ. ఇరవై ఏళ్ళయింది."

"అందరూ అలాగే అంటారు. స్టార్ట్ చెయ్యి."

వాళ్ళు రెండు వీధులు తిరిగి వచ్చారు. ఇంజను బాగానే ఉందంది హారన్. మాస్టారు తలూపేశాడు. అప్పుడు పెద్దావిడ సంచిలోంచి కత్తెర తీసి, వెనక సీటు కవరు అంచు విప్పి, చెయ్యి లోపలికి పోనిచ్చింది. వేళ్ళు వాసన చూసుకుంది. మిగతా సీట్లూ అలాగే చూసింది.

"ఈ కారు ఈత కొట్టింది బాబూ" అంది.

"అబ్బే, ఎవరో టీ ఒలకబోసుంటారమ్మా."

"అన్ని సీట్ల లోపలా ఒకే ఎత్తులో ఒలకబోశారా? స్ప్రింగులు కూడా తాగినట్టున్నాయే. తుప్పు పట్టాయి."

దుకాణదారు నీళ్ళు నమిలాడు. వరదలో మునిగిన కారని చివరికి ఒప్పుకున్నాడు.

మూలన ఒక నీలం కారు ఉంది. రంగు వెలిసింది, తలుపు మీద సొట్ట. దాని సీట్లు కూడా పెద్దావిడ తడిమింది. డ్రైవరు సీటు అరిగింది, మిగతావి కొత్తగా ఉన్నాయి. "ఒక్కరే వాడుకున్నారు. పొడిగా ఉంది" అంది. హారన్ బానెట్ ఎత్తి, నూనె చూసి, కిందికి దూరి, జుట్టు నిండా దుమ్ముతో బయటికొచ్చింది.

"నాన్నా, ఇదే."

"ఈ డొక్కా? నా ఇంటి ముందు నిలబెడితే నా స్కూల్లో ఎవరు చేరతారు? అసలు కారే వద్దు. టౌన్లోనే ఏదో ఆఫీసులో చేరు. అమ్మా, దీన్ని చెడగొట్టింది నువ్వే."

"నేనే" అంది పెద్దావిడ. "ఒకటి చెప్పు. ఇప్పటిదాకా ఎంతమందికి నేర్పావు?"

"నాలుగు వేల పైనే."

"వాళ్ళలో దీనికంటే బాగా నడిపేవాళ్ళు ఎందరు?"

మాస్టారు ఆలోచించాడు. అబద్ధం ఆడలేని విషయం అది. "ఇద్దరు. కాదు, ఒకరే. రెండోవాడు పోయిన వారం గోడకు గుద్దాడు."

"మరి భయం దేనికిరా?"

ఆయన నేల చూస్తూ అన్నాడు. "ఆ నాలుగు వేల మందికీ నేర్పేటప్పుడు పక్కసీట్లో నా కాలి కింద ఇంకో బ్రేకు ఉందమ్మా. దీని కారులో ఉండదు."

నాన్నకు తనమీద నమ్మకం లేదనే ఇన్నాళ్ళూ అనుకుంది హారన్.

"నువ్వు పంతొమ్మిదేళ్ళకు తోలడం నేర్చుకుంటానని లారీ ఎక్కి వెళ్ళావు" అంది పెద్దావిడ. "అప్పుడు నా కాలి కింద కుట్టుమిషను తప్ప ఏముంది? నువ్వు తిరిగొచ్చేదాకా అదే తొక్కుతూ కూర్చున్నా. ఆ వారం కుట్టిన కవర్లు ఏ కారుకూ పట్టలేదు. అన్నీ విప్పి మళ్ళీ కుట్టాను. అయినా, వెళ్ళొద్దని నీతో అన్నానా?"

మాస్టారు కళ్ళు తుడుచుకుని, దుకాణదారు వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఏమయ్యా, ఈ నీలంకారు కాగితాలు తియ్యి. ఆ సొట్టకు ధర తగ్గించు."

ఇంటికి హారనే నడిపింది. మాస్టారు ముందు తలుపు తెరిచి, ఒక క్షణం నిలబడి, మళ్ళీ మూసేసి వెనక్కి వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు. మొదటి మలుపులో ఊపిరి బిగబట్టాడు. రెండో మలుపులో "ఊఁ" అన్నాడు. మూడో మలుపు తరవాత ఏ చప్పుడూ లేదు. హారన్ అద్దంలో చూసింది. నాన్న నోరు తెరుచుకుని, తల్లి భుజం మీద తలపెట్టి నిద్రపోతున్నాడు.

ఇల్లొచ్చాక ఇంజను ఆపింది గానీ ఆయన్ను లేపలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. వాకిట్లోకి వచ్చిన కోడలికి పెద్దావిడ నోటిమీద వేలేసి సైగ చేసింది.

పావుగంటకు మాస్టారు ఉలిక్కిపడి లేచాడు. "ఎందుకాపావు?"

"ఇల్లొచ్చింది నాన్నా."

ఆయన కిటికీలోంచి తన గేటు వైపు నమ్మలేనట్టు చూశాడు.

"వచ్చేసిందా" అన్నాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు. "సోమవారం మంచు ఉంటే దీపాలు వేసుకో. అంతే. ఇంకేం చెప్పను."

ఇట్లు,
ఇస్త్రీ అత్త. అందరూ పిలిచే పేరు అదే. వయసు అరవై ఆరు. మావారు పోయాక ఇల్లు మారి, ఇప్పుడు మాస్టారి ఎదురింటి మేడ మీద గదిలో ఉంటున్నాను.