పడావు చేనులో డబ్బా చప్పుడు

పినపాక దాటి అడవిలోకి పోయే బాటలో, వాగు పక్కన ఒక పడావు చేను ఉంది. అక్కడ విత్తనం పడక ఏళ్లయింది. అయినా చీకటి పడితే పాత మంచె మీద డబ్బా మోగుతుందని చెప్పుకునేవారు. పంటే లేని చేనుకు కాపలా ఎవరు? అందుకే పొద్దుగూకితే ఆ బాటన ఎవరూ పోయేవారు కాదు.

2005లో, ఊరూరా సత్తుగిన్నెలు అమ్మే జంపయ్యకు మాత్రం తప్పలేదు. సైకిల్ పంక్చరై, నడిపించుకుంటూ వస్తుంటే చీకటి పడింది. గిన్నెల దగ్గర ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు గానీ, ఇది నాకు ఒట్టు వేసి చెప్పాడు.

వాగు దాటాడో లేదో... ఠన్!

మంచె మీది నుంచి.

సైకిల్ వదిలేసి పరుగెత్తబోయాడు — అంతలో వెనక, గూడెం వైపు నుంచి ఇంకో చప్పుడు.

ఠన్.

ఇక ఎటు పరుగెత్తాలి? టార్చి మంచె మీదికి వేశాడు. తెల్లటి జుట్టు... ఒళ్లో నూనె డబ్బా... చేతిలో కట్టె.

"ముత్తక్కా... నువ్వా!"

గూడెం చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలామె. ఆమె పలకలేదు. దగ్గర అరిస్తే తప్ప ఆమెకు వినబడదని అప్పుడు గుర్తొచ్చి, దగ్గరికి పోయి అరిచాడు. "గీడ ఏం జేస్తున్నవ్ అక్కా? చేన్ల ఏముందని?"

"మా ఆయన పలుకుతడేమోనని కూసున్న."

ఆమె భర్త సీతయ్య పోయి అప్పటికే చాలా కాలమైంది.

పక్షవాతంతో ఆయన మంచాన పడ్డాడు, మాట కూడా పోయింది. పగలంతా ముత్తక్క తినిపించేది, కడిగేది. పొద్దుగూకితే అడవిపందుల నుంచి మక్కచేను కాయడానికి మంచె ఎక్కేది. ఆయన మందులకు ఆ చేనే దిక్కు. అక్కడ మంచెల మీద కాపలా ఉన్నవాళ్లు ఒకరి డబ్బాకు ఒకరు బదులు కొడతారు, మేలుకునే ఉన్నామని. సీతయ్య కూడా మంచం పక్కన ఒక డబ్బా కట్టించుకున్నాడు. అడవి అంచున ఒంటరిగా ఉన్న భార్య కునుకు తీయకుండా, పనిచేసే ఆ ఒక్క చేత్తో కొట్టేవాడు. ఆమె బదులు కొట్టేది.

"ఒక రాత్రి ఆగకుండ కొట్టిండు," అంది ముత్తక్క మెల్లగా. "నన్ను మేలుకొల్పుతుండు అనుకున్న. నేను గూడ కొట్టిన. కొట్టుకుంట గీడనే కూసున్న... తెల్లారి ఇంటికి పోతే, ఆయన చేతిల కట్టె గట్లనే ఉన్నది. పాణం పోతుందని పిలిసిండు జంపయ్యా. నేను బదులు కొట్టిన."

జంపయ్య టార్చి కిందికి దించాడు.

"ఆయన పోయినంక జొరమొచ్చి చెవులు బోయినయ్. అయినా రోజూ ఇంటికి తాళమేసి వస్త. ఆయన డబ్బా ఇంకా అక్కడనే కట్టి ఉన్నది. ఒక్కసారన్న పలకలే. నా మీద కోపం తగ్గలే."

అని, కట్టె ఎత్తి కొట్టింది. ఠన్...

గూడెం చివర, తాళం వేసి ఉన్న ఇంట్లోంచి బదులు వచ్చింది.

ఠన్.

ముత్తక్క చెవి వెనక చెయ్యి పెట్టుకొని చాలాసేపు అటే చూసింది. "సూసినవా? పలకడు."

"పలికిండక్కా! ఇప్పుడే పలికిండు!" జంపయ్య గొంతు చించుకుని అరిచాడు.

ఆమె నవ్వింది. "నా బాధ జూడలేక అంటున్నవ్ తమ్మీ. జల్దీ పో, ఇంట్ల ఎదురుసూస్తరు."

జంపయ్యకు భయం ఎప్పుడో పోయింది. సైకిల్ నెట్టుకుంటూ ఏడ్చుకుంటూ వచ్చాడు. వెనక డబ్బాలు రెండూ మోగుతూనే ఉన్నాయి.