మూత మీది ఊపిరి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక తెగి ఒళ్ళో పడాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ ఒట్టే వేస్తున్నాను, నాలుక ఇంకా నోట్లోనే ఉంది, కావాలంటే చూసుకో. ఇదిగో అమ్మాయ్, ఈ గాజు పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చో. కదపకు. చుట్టూ టేపు ఉంది చూడు, దాన్ని గిల్లకు. ఇక విను.

మా పై అంతస్తులో అక్కాచెల్లెళ్ళిద్దరు ఉండేవాళ్ళు. ఇద్దరూ పెళ్ళి జోలికి పోలేదు. పెద్దావిడ ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైంది. చిన్నావిడ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని వీధిలోవాళ్ళ బట్టలు బిగువు చేసిచ్చేది, వదులు చేసిచ్చేది. పెద్దావిడ మెట్ల మీద నుంచి కేకేస్తే కింద నా పొయ్యి మీద పాలు విరిగిపోయేవి. చిన్నావిడ మాట్లాడితే దోమ కూడా చెవి దగ్గరకొచ్చి మళ్ళీ అడగాల్సిందే.

ఇద్దరికీ ఒకటే గొడుగు. పట్టుకునేది అక్క, తడిసేది చెల్లెలు. ఇద్దరికీ ఒకటే దుప్పటి. తెల్లారేసరికి అది మొత్తం అక్క ఒంటికి చుట్టుకుని ఉండేది. "అదేమిటమ్మా, నీ వాటా లాక్కోవూ?" అని నేనడిగితే చిన్నావిడ కళ్ళజోడు తీసి, అద్దాల మీద 'హా' అని ఊది, కొంగుతో తుడుచుకుంటూ నవ్వేది. "అక్కది పెద్ద ఒళ్ళు పిన్నిగారూ, ఎక్కువ పడుతుంది."

రిటైరయ్యాక పెద్దావిడకు పుట్టగొడుగుల పిచ్చి పట్టుకుంది. అవి విత్తనం చల్లితే వచ్చే రకం కాదట. సముద్రపు నాచులోంచి తీసే అగర్ అనే జిగురుంటుంది. దాన్ని ఉడికించి ఇదిగో ఇలాంటి గాజు పళ్ళేల్లో పోస్తే గడ్డకడుతుంది. దాని మీద పుట్టగొడుగు లోపలి ముక్క గోరంత పెడితే, తెల్లగా దూదిపోగుల్లాంటి దారాలు పాకుతాయి. అదే కల్చరు. దాన్ని ఫ్రిజ్‌లో దాచుకుని, అప్పుడప్పుడూ ఓ ముక్క కోసి కొత్త పళ్ళెంలోకి మారుస్తూ ఉంటే ఏళ్ళ తరబడి బతుకుతుంది. వాళ్ళ ఫ్రిజ్‌లో పాలగిన్నెకు చోటుండేది కాదు. వంద పళ్ళేలు ఉండేవి. వెయ్యేమో కూడా.

"చల్లగా ఉంటే ఇవి చావవే పిల్లా," అనేది పెద్దావిడ. "నిద్రపోతాయంతే."

ఈ పనికి ఒకటే కట్టుబాటు. పళ్ళెం మూత తెరిచి ఉన్నంతసేపూ మాట్లాడకూడదు. వీలైతే ఊపిరి కూడా బిగబట్టాలి. నోట్లోంచి ఏది పడితే అదే జిగురులో మొలుస్తుందట. చేతులు దూర్చడానికి రెండు కంతలున్న ప్లాస్టిక్ పెట్టెలో స్పిరిట్ దీపం మీద బ్లేడు కాల్చుకుంటూ పెద్దావిడ, చెల్లెలు పెదవి కదిపిందో లేదో "నోర్ముయ్యవే పిల్లా!" అని ఉరిమేది. నేను కింద బియ్యం ఏరుకుంటూ నోరు మూసుకునేదాన్ని.

అంత గొంతు గల మనిషికి చివరికి ఊపిరితిత్తులే పాడయ్యాయి. ఒక్క మాటకు నాలుగుసార్లు ఆయాసపడేది. చెల్లెలు మంచం పక్కన కూర్చుని, "నా ఊపిరి కాస్త ఇవ్వగలిగితే ఇచ్చేదాన్నక్కా," అంది. పెద్దావిడ నవ్వబోయి దగ్గింది. "ఇప్పుడు కాదులే... అవసరమైనప్పుడు... తీసుకుంటాను."

అదే ఆఖరి మాట.

ఆ తర్వాత ఆ ఇంట్లో చప్పుడు లేదు. కుట్టుమిషను మూలపడింది. చిన్నావిడ కూరగాయల కొట్టువాడితో కావాలని బేరం పెంచేది, మాట్లాడే మనిషి దొరికాడని. వాడు విసుక్కుని, "ఊరికే తీసుకుపొండమ్మా, నన్నొదిలేయండి!" అనేవాడు. ఇంటికొచ్చి గిన్నెలతో మాట్లాడేది. ఫ్రిజ్ గుర్రుమంటే "ఊఁ" కొట్టేది.

ఆ ఫ్రిజ్ కూడా ఒకరోజు గుర్రుమనడం మానేసింది. బాగు చేయించేసరికి పళ్ళేల్లో పచ్చబూజు, నల్లబూజు. ఒకటంటే ఒక్కటి తెల్లగా మిగిలింది, అదీ ఓ మూల. అక్క చేతి పనిలో ప్రాణంతో ఉన్నది ఇక అదొక్కటే. దాన్ని కొత్త పళ్ళెంలోకి మార్చకపోతే అదీ పోతుంది. అది పోతే అక్క రెండోసారి పోయినట్టే.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం కిటికీలన్నీ మూసి, ఫ్యాను ఆపి ఆ ప్లాస్టిక్ పెట్టె ముందు కూర్చుంది. బ్లేడు కాల్చింది. మూత ఎత్తింది. బాగానే ఉన్న మూల నుంచి గోరంత కోసి కొత్త పళ్ళెంలో పెట్టింది. గదంతా స్పిరిట్ వాసన. తడిమట్టి వాసన. ఎన్నాళ్ళ నుంచో ఎవరితోనూ అనని మాట తన్నుకొచ్చి, పెట్టె కంత దగ్గరకు మొహం వంచి అనేసింది...

"అక్కా, ఇల్లు మరీ పెద్దదైపోయిందే."

అని, నిట్టూర్చింది కూడా. సరిగ్గా తెరిచిన పళ్ళెం మీదే.

గబుక్కున మూతేసి టేపు చుట్టింది. పాడు చేశానని ఏడ్చింది. బూజు మొలుస్తుందని రోజూ చూసేది. మొలవలేదు. తెల్లటి దారాలే పాకాయి. ఏ పుట్టగొడుగూ అంత వేగంగా పాకదు, నేను కళ్ళారా చూశాను, నిలబడి చూస్తుంటే అంగుళం జరిగింది.

తర్వాత మూత లోపలివైపు ఆవిరి పట్టింది. జిగురులోని తడికి పట్టడం మామూలే. కానీ పట్టిన ఆవిరి మెల్లగా పోయింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ పోయింది...

నిద్రపోయే మనిషి ముక్కు కింద అద్దం పెడితే ఎలా ఉంటుందో, అలా.

చిన్నావిడ భయపడిందనుకున్నావా? పళ్ళేన్ని బల్ల మీద పెట్టుకుని, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పింది! కూరగాయల కొట్టువాడి సంగతి, నా మోకాళ్ళ సంగతి. వాన మొదలైంది. గది చీకటి పడింది. చెబుతూ చెబుతూ ఒక్క క్షణం ఆగిందేమో... టేపు కింద నుంచి, సన్నగా, తడిగా...

"నోర్ముయ్యవే పిల్లా..."

కుర్చీతో సహా వెనక్కి పడింది. కళ్ళజోడు ఎగిరి గోడకు తగిలింది. లేచి తడుముకుని దొరకబుచ్చుకుని, అలవాటు కొద్దీ అద్దం మీద ఊదింది.

హా...

ఆవిరి పట్టలేదు.

మళ్ళీ ఊదింది. గట్టిగా. అద్దం పొడిగానే ఉంది. కానీ తను ఊదినప్పుడల్లా... బల్ల మీద పళ్ళెం మూత తెల్లబడుతోంది.

అప్పుడు పుట్టింది భయం. చెడిన పళ్ళేన్ని తెరవకుండా కుక్కర్‌లో ఉడికించి పారెయ్యాలని అక్కే నేర్పింది. పళ్ళేన్ని కుక్కర్‌లో పడేసింది. మూత బిగించింది. పొయ్యి వెలిగించింది. నీళ్ళు కాగుతున్న చప్పుడు. ముందు తన పాదాలు వెచ్చబడ్డాయి. తర్వాత కడుపు. వెంట్రుకల్లోంచి చెమట. గాలి పీలిస్తే లోపలికి పోవడం లేదు. కుక్కర్ లోపల ఏదో టకటకా కొట్టుకుంటోంది... తన గుండె ఎలా కొట్టుకుంటోందో అచ్చం అలాగే.

ఒక్క కేక పెట్టి, పాకుతూ వెళ్ళి పొయ్యి ఆర్పేసింది.

ఆ కేకకు నేను మెట్లెక్కి వెళ్ళాను. నా మోకాళ్ళతో నాలుగేసి మెట్లు ఒక్క అంగలో! చిన్నావిడ వంటింటి నేల మీద కూర్చుని, పళ్ళేన్ని పసిబిడ్డలా గుండెకు హత్తుకుని ఉంది. మూత మీద ఆవిరి రెండుసార్లు పడుతోంది. ఒకటి పొడుగ్గా, దాని వెనకే చిన్నది.

"పారేద్దాం పట్టు," అన్నాను.

"ఎలా పిన్నిగారూ?" అంది. ఆవిడ పెదవులు కదిలాయి గానీ ఛాతీ కదల్లేదు. "నేనూ ఇందులోనే ఉన్నాను. ఫరవాలేదు... ఇద్దరం ఒక్క ఊపిరితోనే సర్దుకుంటాం. గొడుగు సర్దుకోలేదూ?"

"ఎవరి వాటా ఎంతే?"

నవ్వింది. "అక్కది పెద్ద ఒళ్ళు కదా."

పళ్ళేన్ని ఫ్రిజ్‌లో పెట్టిన రోజుల్లో మగతగా తిరిగేది. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ. బయటపెడితే కాస్త రంగొచ్చేది. రానురాను ఫ్రిజ్‌లోనే ఉంచడం మొదలుపెట్టింది. "అక్కకు చల్లగా ఉంటేనే హాయి," అంది. తర్వాత కొట్టువాడు అడిగాడు, బేరం ఆడే ఆవిడ రావడం లేదేమని. తాళం తీయించి చూశాం. కుర్చీలో చీర ఉంది, కూర్చున్న మనిషి కట్టుకున్నట్టే, కుచ్చిళ్ళు చెదరకుండా. పైన కళ్ళజోడు. మనిషి లేదు. ఫ్రిజ్‌లో పళ్ళెం ఉంది. మూత మీద పొడుగ్గా ఒకటి... దాని వెనకే, ఆలస్యంగా, చిన్నది.

అప్పటి నుంచీ నేనే చూసుకుంటున్నాను. ఏదీ, ఇలా వెలుతురులోకి పట్టు. ఊఁ... పొడుగ్గా ఒకటి. చిన్నది ఒకటి. మరి ఈ మూడోది ఎక్కడిదే?

టేపు ఎప్పుడు ఊడింది? కథ వింటూ చేతులు ఊరుకోవు కదా నీకు! మూత పక్కకు జరిగి ఉంది, నువ్వేమో నోరు తెరుచుకుని సరిగ్గా దాని మీదే వంగి కూర్చున్నావు. ఎంతసేపటి నుంచి?

సరే, ఏడవకు. మూతేసి, టేపు చుట్టి, మా ఫ్రిజ్‌లో వెనక వరసలో పెట్టిరా. పెట్టగానే కాస్త నిద్ర ముంచుకొస్తుంది, కంగారుపడకు. చల్లగా ఉంటే చావరు. వచ్చేటప్పుడు ఫ్రిజ్ మీదున్న నా కళ్ళజోడు పట్టుకురా. అద్దాల మీద బాగా ఊది, తుడిచి తే. ఆవిరి పట్టకపోతే మాత్రం ఆ ముక్క నాతో అనకే తల్లీ. ఒంటరిదాన్ని, నాకు భయం.