నడిపోడి జవాబు

"నా విండోలన్నీ ఎవరు క్లోజ్ చేశారు?"

ఆఫీసంతా తలలెత్తి చూసింది. మొండిఘటం గొంతు ఇంత పెద్దదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆఫీసు పెట్టిన ఆ పేరుకు తగ్గట్టే పట్టిన పని వదలడు గానీ, నోట్లోంచి మాట ఊడిపడటం మాత్రం గగనం.

"నేనే," అంది గాజుగదిలోంచి వచ్చిన అమ్మాయి, తాపీగా. "సిస్టమ్ లాక్ చెయ్యకుండా కాఫీకి వెళ్ళారు. ఎవరైనా దూరొచ్చు. అందుకే షట్‌డౌన్ చేసేశా."

"వారం నుంచి ఆపకుండా నడుపుతున్నానండీ! ఏ బ్రౌజర్ ముందు కూలబడుతుందో చూద్దామని!"

"కూలబడకపోతే చాలా? తలుపులు బార్లా తీసిపెట్టిన ఇల్లు నిలబడితే ఎంత, పడిపోతే ఎంత?"

"మీ పుణ్యమా అని నా పనంతా బూడిదలో పోసిన పన్నీరైంది."

"అయితే ఈసారి పన్నీరుకి మూత పెట్టుకోండి," అనేసి వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

కంపెనీ శాఖలన్నిటికీ ఒకే బ్రౌజర్ ఉండాలని పైవాళ్ళు తీర్మానించారు. ఏది నిలకడగా నడుస్తుందో తేల్చడం అతని పని. ఏది భద్రమో తేల్చడం ఆమె పని. ఆమె కొత్తగా చేరింది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఎవరి చేతిలో పెన్‌డ్రైవ్ కనబడినా ఉలిక్కిపడుతుందని అందరూ కలిసి అనుమానప్పక్షి అని పేరు పెట్టేశారు. భోజనాల దగ్గర ఆ పక్షి పక్కన ఎవరూ వాలేవారు కాదు.

మొండిఘటం చేతిలో ఉన్న బ్రౌజర్లు మూడు. వాటికి అతను ముద్దుపేర్లు పెట్టుకున్నాడు. పెద్దోడు మెమరీని మేకలా మేసేస్తాడు. చిన్నోడు పరిగెత్తి పరిగెత్తి ఉన్నట్టుండి బోర్లా పడతాడు. నడిపోడు మాత్రం బంగారం. ఎన్ని ట్యాబులు నెత్తినేసినా కిక్కురుమనడు. నిలకడలో మార్కులన్నీ వాడికే.

ఆ తర్వాత, కస్టమర్లతో మాట్లాడే చాట్ పేజీ ఈ బ్రౌజర్లలో ఎలా నడుస్తుందో చూడాల్సి వచ్చింది. మాట్లాడాలంటే ఇద్దరుండాలి కదా! ఉన్నది ఒక్కడు. అందుకని ఒక బ్రౌజర్లో 'పెద్దోడు' పేరుతో, ఇంకోదాంట్లో 'నడిపోడు' పేరుతో లాగిన్ అయి, అక్కడ అడిగి ఇక్కడ తనే జవాబు చెప్పుకునేవాడు. మొదట్లో హలో, హలో. ఎన్నాళ్ళని హలో అంటాడు, పాపం?

"తిన్నావా?" అనేవాడు పెద్దోడు.

"తిన్నా," అనేవాడు నడిపోడు.

"రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టింది."

రెండూ అబద్ధాలే. అతను ఈ ఊరికొచ్చి ఏడాది కావస్తోంది. సాయంత్రం గది తాళం తీస్తే, పొద్దున వదిలేసిన గ్లాసు వదిలేసిన చోటే ఉండేది. దాన్ని కదిపే మనిషి లేదని గుర్తొచ్చి ఒక్కోసారి ఏడుపొచ్చేది. అందుకే చాట్ పరీక్ష ఎప్పుడో అయిపోయినా, ఇంకా కాలేదంటూ సాగదీస్తూనే ఉన్నాడు.

ఆదివారం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మాట్లాడ్డానికి ఎవరైనా ఉన్నార్రా నీకక్కడ?"

"ఎందుకు లేరక్కా? ఇద్దరున్నారు."

"హమ్మయ్య! మంచివాళ్ళేనా?"

"ఒకడు కాస్త తిండిపోతు. రెండోవాడు బంగారం."



మర్నాడు సాయంత్రం వాన. అద్దాల మీద నీళ్ళు జారుతుంటే సగం మంది ముందే ఇళ్ళకు జారుకున్నారు. మొండిఘటం పెద్దోడిలో "తిన్నావా?" అని కొట్టాడు. నడిపోడి వైపు తిరిగేలోపే అక్కడ జవాబు ప్రత్యక్షమైంది.

"అబద్ధం చెప్పకు. బిస్కెట్లు తిండి కాదు."

గుండె ఝల్లుమంది. ఒక్క క్షణం, ఒట్టు, సంతోషమే వేసింది. ఆ తర్వాత ఉద్యోగబుద్ధి మేలుకుంది. తను కొట్టని మాట నడిపోడిలోకి ఎలా వచ్చింది? బంగారంలాంటి నడిపోడికి ఎవరో కన్నం వేశారు! బిస్కెట్ల సంగతి ఎవరికి తెలుస్తుందని ఆలోచించి ఉంటే అప్పుడే గుట్టు తెలిసిపోయేది. అంత తెలివే ఉంటే ఈ కథెందుకు? పరుగున వెళ్ళి పెద్దసారుకి చెప్పేశాడు.

మర్నాడు మీటింగ్. పెద్దసారు మొహం కందగడ్డలా ఉంది.

"ఈ బ్రౌజర్ భద్రమైందని సంతకం పెట్టింది నువ్వే కదమ్మా?" అన్నాడు అనుమానప్పక్షితో.

ఆమె లేచి నిలబడింది. "బ్రౌజర్‌లో ఏ లోపమూ లేదు సార్. ఆ మాట కొట్టింది నేను."



"బయటివాళ్ళు చొరబడగలరా అని చూడటం నా డ్యూటీ. ఈయన చాట్ పాస్‌వర్డ్ ఒకటి రెండు మూడు నాలుగు. మొదటి దెబ్బకే తెరుచుకుంది. ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పే."

"ఇంతకీ ఆ చాట్‌లో ఏముంది?"

మొండిఘటానికి ముచ్చెమటలు పట్టాయి. తనతో తను మాట్లాడుకున్న మాటలు నలుగురిలో పడితే ఇంక తలెత్తుకునేదెలా?

ఆమె అతని వైపు చూడనైనా చూడలేదు. "ఏముంటుంది సార్? టెస్ట్ మెసేజులు. హలో, హలో."

"ప్రొబేషన్‌లో ఉండి ఇవేం పనులమ్మా? రేపట్నుంచి..."

"తప్పు నాది సార్!" మొండిఘటం లేచాడు. "ఆ పాస్‌వర్డ్ పెట్టింది నేను. ఆవిడ రాకపోతే దొంగే వచ్చేవాడు. ఆవిణ్ణి పంపిస్తే నన్నూ పంపించెయ్యండి."

మీటింగులో అతను నోరు విప్పడం అదే మొదలు. పెద్దసారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ముందు ఆ పాస్‌వర్డ్ మార్చి ఏడువు. శాఖలన్నిటికీ ఆ బ్రౌజరే పెట్టండి," అని విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం అతను మొదటిసారి గాజుగది తలుపు తట్టాడు.

"ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే మార్చేసేవారు."

"మారిస్తే?"

"మారిస్తే నన్నెవరు అడుగుతారు?" అంది ఆమె. "రోజూ నడిపోడి పేరుతో లాగిన్ అయి చూస్తుండేదాన్ని. పెద్దోడు 'తిన్నావా' అనగానే ఇక్కడ కూర్చుని పైకే చెప్పేదాన్ని, ఇంకా లేదని. గాజుగది కదా, బయటికి వినబడదు. నాకూ ఈ ఊళ్ళో ఎవరూ లేరండీ. నిన్న మీరు మధ్యాహ్నం నుంచి బిస్కెట్లే నములుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయా."

అతను నెమ్మదిగా అన్నాడు.

"పాస్‌వర్డ్ మార్చేశానండీ."

ఆమె మొహం చిన్నబోయింది. "మంచిది. గట్టిదేనా?"

"చాలా గట్టిది. నడిపోడితో ఇంక నాకు పని లేదు. అడగాల్సినవి మిమ్మల్నే అడుగుతాను." తలెత్తి ఆమెను చూశాడు. "తిన్నారా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"లేదు. నువ్వు?"

"నేనూ లేదు," అన్నాడు. ఆ ప్రశ్నకు అతను నిజం చెప్పడం అదే మొదటిసారి.

ఇద్దరూ గుమ్మం దాటబోతుంటే ఆమె టక్కున ఆగింది. "సిస్టమ్ లాక్ చేశావా?"

అతను నాలిక్కరుచుకుని వెనక్కి పరిగెత్తాడు.

ఆదివారం అక్క మళ్ళీ ఫోన్ చేసింది.

"ఏరా, నీ ఫ్రెండ్సిద్దరూ ఎలా ఉన్నారు?"

"ఇప్పుడు ఒక్కరేనక్కా."

"అయ్యో, అదేంట్రా?"

"ఆ ఇద్దరూ నేనేనక్కా. ఈ ఒక్కరు మాత్రం నేను కాదు. మా ఆఫీసులో అమ్మాయి."

అటువైపు అక్క ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

"ఏడాదంతా ఒక్కడివే ఉండి నాతో అబద్ధం చెప్పావట్రా, వెధవా!" అంది. గొంతు సవరించుకుని, "అది సరే, ఇంతకీ ఆ పిల్ల తిన్నదా?" అని అడిగింది.