తొలి గరిటె

దర్జీ తాత మంచానికీ గోడకీ మధ్య నేలమీద పడి ఉన్నాడు.

మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుపోయాయి. నోటి పక్కన నురగ ఎండింది. పక్క మంచాలన్నీ ఖాళీ. వాటి మీద ఉండాల్సిన ముసలివాళ్ళని అప్పుడే అంబులెన్సుల్లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈయన్ని ఎక్కించడానికి వచ్చేసరికి ఎక్కించే అవసరం లేకుండా పోయింది.

సాయంత్రం ఆరున్నర. ఇన్‌స్పెక్టరు మోకాళ్ళ మీద కూర్చుని శవం గోళ్ళు చూసింది, నాలుక చూసింది, లేచింది.

డిపార్ట్‌మెంటులో ఆమెని నస మేడమ్ అంటారు. అడిగిన ప్రశ్నే మళ్ళీ అడుగుతుంది. జవాబు చెప్పేవాడికి విసుగొచ్చి నిజం చెప్పేదాకా అడుగుతుంది.

అది రెండు వందల ఏళ్ళ నాటి ధర్మసంస్థ. దిక్కులేని ముసలివాళ్ళకి నీడ ఇవ్వమని ఎవరో ఓడల వ్యాపారి కట్టించి పోయాడు. వరండా పొడుగునా ట్రస్టీల నూనె చిత్రాలు, కిటికీల కంటే పెద్దవి. ఏ గోడ చూసినా పాలరాతి మీద దాతల పేర్లు. అక్కడ బతికేవాళ్ళ పేర్లు మాత్రం మంచం కోడు మీద కూడా లేవు. ఇన్‌స్పెక్టరుకి లోపలికి రాగానే కంపరం పుట్టింది.

"కేసు తేలిపోయింది మేడమ్," అన్నాడు ఎస్సై.

"ఎలా?"

"ఈరోజు ట్రస్టీల మీటింగు. మీటింగు రోజున ముసలివాళ్ళ కోసం వండింది ముందు ట్రస్టీలు తినాలి. తర్వాతే వీళ్ళు. తొలి గరిటె అంటారట. ఇది కట్టించిన వ్యాపారి పెట్టిన షరతు. తినని ట్రస్టీకి పదవి పోతుంది."

"తిన్నారా?"

"ముగ్గురూ తిన్నారు. వంటావిడ అందరి ముందే గుండిగలోంచి మూడు గిన్నెల్లో సూపు పోసింది. గిన్నెలు కమిటీ రూములోకి వెళ్ళాయి, ఖాళీగా తిరిగొచ్చాయి. బెల్లు కొట్టారు. అప్పుడు వీళ్ళు తిన్నారు. ట్రస్టీలకి తుమ్ము కూడా రాలేదు. ఇక్కడ శవం లేచింది. అంటే విషం ఎప్పుడు పడినట్టు?"

"నువ్వే చెప్పు."

"గిన్నెలు వెళ్ళాక, బెల్లు కొట్టేలోపు. అప్పుడు గుండిగ దగ్గర వంటావిడ ఒక్కతే ఉంది. స్టోరు రూములో ఎలకల మందు పొట్లం కూడా దొరికింది."

"మోటివ్?"

"అదొక్కటే తక్కువ మేడమ్. స్టేషన్‌కి తీసుకెళ్తే అదే బయటికొస్తుంది."

ఇన్‌స్పెక్టరు వంటింట్లోకి నడిచింది. పొయ్యి పక్కన గుండిగ వంచి ఉంది. అడుగున మందంగా నల్లటి మాడు. కానిస్టేబులు ఒకడు చొక్కా చేతులు మడిచి, పీచు పట్టుకుని దాని మీదకి వంగుతున్నాడు. సీలు వేసే ముందు కాస్త శుభ్రం చేద్దామని వాడి మంచితనం.

"ఆగు! దాన్ని ముట్టుకున్నావంటే నీ చెయ్యి విరుగుతుంది."

వాడు పీచు కింద పడేశాడు.

"ఆ మాడుని పొరలు పొరలుగా గీకించి ల్యాబుకి పంపు. పై పొర వేరు, గుండిగకి అంటుకున్న పొర వేరు. కలిపారో, ఊరుకోను."

ఎస్సై, కానిస్టేబులు మొహమొహాలు చూసుకున్నారు.

వంటావిడ తలుపు మూల ముడుచుకుని కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. నోట్లో నాలుక లేని మనిషి.

"అడుగంటిందా?" అడిగింది ఇన్‌స్పెక్టరు.

"అంటిందమ్మా. కలుపుతూనే ఉన్నా. సూపులో వేసే గోధుమ నూక కొత్తగా వచ్చింది, అదోలా ఉంది, ఊరికే అడుగు పట్టేసింది. ముందే మాడింది. హాలంతా మాడు వాసన."

"గిన్నెల్లో పోసే ముందే మాడిందా?"

"అప్పటికే మాడిందమ్మా. ట్రస్టీగార్లు ఏమంటారో అని భయపడి చచ్చా. ఏమీ అనలేదు. తినేశారు." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "దర్జీ తాతకి ఎలా ఉందమ్మా?"

ఎవరూ చెప్పలేదన్నమాట. ఇన్‌స్పెక్టరు చెప్పింది. వంటావిడ అరవలేదు, ఏడవలేదు. గోడకి తల ఆనించి అలా ఉండిపోయింది.

"నాటకం," అని గొణిగాడు ఎస్సై.

ఆ రాత్రికి వంటావిడ లాకప్‌లో ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి. గోడ పక్క మంచం మీద టీచరమ్మ సెలైన్ బాటిల్ వైపు చూస్తూ పడుకుంది. ఆశ్రమంలో కాస్త గట్టిగా మాట్లాడేది ఆవిడే.

"సూపు ఎలా ఉంది టీచరమ్మా?"

"సూపా అది! బొగ్గు కలిపిన నీళ్ళు. రెండు చెంచాలతో ఆపేశా. అందుకే బతికా. మా బెంచీలో చాలామంది సగం వదిలేశారు."

"ఎప్పుడు మొదలయ్యాయి వాంతులు?"

"తిన్న కాసేపటికే. డాక్టరమ్మని పిలిచాం. ఆవిడ కూడా ట్రస్టీయే కదా, మీటింగులోనే ఉంది. వచ్చి, ఎండ దెబ్బ అంది. తిండి వల్లేమో అంటే కోప్పడింది. నేనూ అదే తిన్నాను, నాకేం కాలేదుగా అని. తలా ఒక మాత్ర ఇచ్చి వెళ్ళిపోయింది."

ఇన్‌స్పెక్టరు ఏమీ రాసుకోలేదు. రాసుకోకపోయినా మర్చిపోయే మాట కాదు.

పదకొండింటికి ఆశ్రమం కమిటీ రూములో కూర్చుంది. తోలు కుర్చీలు, అద్దాల బీరువా, సువాసన చిమ్మే యంత్రం. మూల ఒక వాష్‌బేసిన్. చేతులు కడుక్కునే వంకతో ఆమె దాని మీదకి వంగింది. సువాసన కింద నుంచి పులిసిన కంపు.

ముగ్గురినీ విడివిడిగా పిలిచింది. ముగ్గురినీ అడిగింది ఒకటే.

"సూపు ఎలా ఉంది?"

ప్రెసిడెంటు ధాన్యం వ్యాపారి. నవ్వు మొహానికి పులుముకునే తిరుగుతాడు. "కమ్మగా ఉందమ్మా. పేదవాళ్ళ తిండిలో ఉండే రుచి మన ఇళ్ళలో ఎక్కడిది? నూక నా గోడౌన్ నుంచే పంపిస్తా, ఉచితంగా. ఆ మహాతల్లి విషం కలిపితే నేనేం చేసేది!"

"మిగిలిన బస్తాలు ఏవి?"

"పొద్దున్నే తీయించేశా. శుభ్రత ముఖ్యం కదా."

లాయరు గొంతు సవరించుకున్నాడు. "చాలా బాగుంది. గిన్నె ఊడ్చేశాను."

డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. "లైట్‌గా, ఆరోగ్యంగా ఉంది. ఎప్పటిలాగే."

"వాసన ఏమైనా?"

"మంచి వాసన."

ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి, వరండాలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

ల్యాబు రిపోర్టు మూడో రోజు ఉదయం వచ్చింది. చదివి జేబులో పెట్టుకుంది. ఎస్సైని పిలిచి వీధి చివర కొట్లో నూక కొనుక్కురమ్మంది.

ఆ మధ్యాహ్నం భోజనాల హాల్లో అందరూ కూర్చున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన ముసలివాళ్ళు బెంచీల మీద, ట్రస్టీలు ముందు బల్ల దగ్గర. వాళ్ళ ముందు మూడు గిన్నెలు. పొగలు కక్కుతున్న సూపు.

"విచారణ వల్ల సంస్థ ఆచారం ఆగిపోయిందని మీరు బాధపడుతున్నారట," అంది ఇన్‌స్పెక్టరు. "ఈరోజు మళ్ళీ మొదలుపెట్టండి. ఇక్కడే, అందరి ముందూ. అటక మీద మీ బస్తా ఒకటి మిగిలిపోయింది ప్రెసిడెంటు గారూ. ఆ నూకతోనే చేయించాను. వంటావిడ లాకప్‌లోనే ఉంది కాబట్టి భయం లేదు."

లాయరు ముసలివాళ్ళ వైపు చేతులు జోడించి చెంచా తీశాడు. ఒక గుటక వేశాడు. మొహం చిట్లించి, ఇంకో గుటక వేశాడు. డాక్టరమ్మ కూడా మొదలుపెట్టింది.

ప్రెసిడెంటు చెంచా ముట్టుకోలేదు.

"మీరు?"

"నాకు పొద్దున్నుంచీ కడుపు బాగోలేదమ్మా."

"మీ స్నేహితులు తింటున్నారు."

అతని కళ్ళు లాయరు చెంచా వైపు వెళ్ళాయి. డాక్టరమ్మ చెంచా వైపు వెళ్ళాయి. మళ్ళీ గిన్నెలోకి దిగాయి.

"తిననివ్వండి," అన్నాడు. "ఆకలేసి ఉంటుంది."

ఇన్‌స్పెక్టరు ఆ ఉద్యోగంలో చాలామంది హంతకులని చూసింది. ఇంత అసహ్యం ఎవరి మీదా వేయలేదు.

"చాలు, చెంచాలు దించండి," అంది. "ఇక నేను చెప్తాను. ఆ రోజు గుండిగ మాడింది. గుండిగకి అతుక్కున్న అడుగు పొరలో కూడా విషం దొరికింది. అంటే ఏమిటి ఎస్సైగారూ?"

ఎస్సై నీళ్ళు నమిలాడు. "మాడకముందే... ఉడుకుతున్నప్పుడే ఉంది మేడమ్."

"మీ గిన్నెల్లో పోయకముందే ఉంది. అది ఎలకల మందు కాదు. విత్తనాలకి పురుగు పట్టకుండా పూసే మందు. అమ్ముడుపోని విత్తన గోధుమల్ని కడిగించి, నూక పట్టించి, ధర్మం పేరుతో ఇక్కడికి తోలారు. మీరు ముగ్గురూ ఆ సూపు తిని ఉంటే మీరూ ఈ ముసలివాళ్ళ పక్క మంచాల మీదే ఉండేవాళ్ళు. తినలేదు. అందుకే మాడిన సంగతి కూడా మీకు తెలీదు."

"మాడలేదమ్మా, కమ్మగా..." అని ప్రెసిడెంటు ఇంకా ఏదో అనబోయాడు.

"కమ్మగానా!" టీచరమ్మ బెంచీ మీంచి లేచింది. "ఇప్పటికీ నా నోట్లో చేదు పోలేదు!"

"మీ గిన్నెలు వాష్‌బేసిన్‌లో ఖాళీ అయ్యాయి," అంది ఇన్‌స్పెక్టరు. "పైపు విప్పించాను. అడుగున నూక గడ్డకట్టి ఉంది, ఎప్పటెప్పటిదో. మీ భోజనం హోటల్ నుంచి వచ్చేది. ఎన్నేళ్ళుగా?"

లాయరు ప్రెసిడెంటు వైపు చూశాడు.

"ఎన్నేళ్ళుగా?"

"మొదటినుంచీ," అంది డాక్టరమ్మ, బల్ల వైపు చూస్తూ. "మేము చేరకముందు నుంచీ అంతే. అందరూ అదే చేసేవాళ్ళు."

లాయరుకి అప్పుడు వెలిగింది. గిన్నె వైపు చూశాడు. కుర్చీ తన్నుకుంటూ లేచి గొంతులో వేళ్ళు పెట్టుకున్నాడు. "ఒరేయ్, నేను తింటుంటే చూస్తూ కూర్చున్నావా! నీ పిల్లల పెళ్ళిళ్ళు దగ్గరుండి చేశాను కదరా!"

"కక్కకండి, ఎవరు తుడుస్తారు?" అంది ఇన్‌స్పెక్టరు. "కొట్లో కొన్న నూక అది. ఏం కాదు."

ప్రెసిడెంటు మొహం మీద నవ్వు మొదటిసారి ఊడింది. "నీళ్ళలో బాగా కడిగించాను," అన్నాడు. "ఇంత పని చేస్తుందనుకోలేదు."

"కడిగించారు. కానీ చెంచా మాత్రం ఎత్తలేదు." ఆమె మిగతా ఇద్దరి వైపు తిరిగింది. "మీ ఇద్దరికీ మందు సంగతి తెలీదు. కానీ సూపు తినలేదని తెలుసు. ఆ ఒక్క మాట చెబితే వంటావిడ అదే రోజు ఇంటికెళ్ళేది. డాక్టరు గారూ, మీరు వాంతుల దగ్గరే చెప్పి ఉంటే దర్జీ తాతకి వేళకి వైద్యం అందేది. పదవి పోతుందని నోరు మూసుకున్నారు. ఆడమనిషి జైలుకెళ్తే వెళ్ళనీ అనుకున్నారు."

లాయరు మూతి తుడుచుకుని దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"మేడమ్, నేరం ఆయనది. మేము తినలేదన్న చిన్న విషయం... రిపోర్టులో రాకపోయినా నష్టం లేదు కదా?"

"మొదటి వాక్యం అదే. ముగ్గురూ జీపెక్కండి."

హాల్లో చప్పట్లు కొట్టలేదు ఎవరూ. ముసలివాళ్ళు ట్రస్టీలని చూస్తూ కూర్చున్నారు. జీపు గేటు దాటాక టీచరమ్మ ఆ మూడు గిన్నెలూ తీసుకెళ్ళి బయట పారబోసింది.

ఇన్‌స్పెక్టరు స్వయంగా స్టేషన్‌కి వెళ్ళి లాకప్ తీసింది. జరిగిందంతా చెప్పింది. వంటావిడ గడప దగ్గరే ఆగిపోయింది.

"ఒక్కసారి కూడా తినలేదా అమ్మా?"

"లేదు."

"గిన్నెలు ఖాళీగా వస్తే నా చేతి వంట నచ్చిందని మురిసిపోయేదాన్ని."

"ఇంటికెళ్ళు. జీపులో దింపుతారు."

ఆమె కదల్లేదు.

"దర్జీ తాత ఎప్పుడూ ఇంకో గరిటె అడిగేవాడమ్మా. ఆకలి మనిషి. మీటింగు రోజున లేదనేదాన్ని. ముగ్గురు ట్రస్టీలకి నిండా పోశాక ఎక్కడ మిగుల్తుంది? ఆయన సరేలే తల్లీ అని గిన్నె నాకేవాడు." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు కొంగు చుట్టుకుంది. "ఆ రోజు మాడిందని అందరూ వదిలేశారు. ఆయన మాత్రం బాగుందన్నాడు. పోనీలే, ఈ ఒక్కరోజైనా కడుపునిండా తిననీ అని మిగిలిందంతా ఆయనకే పెట్టానమ్మా."