ఏడో హెచ్చరిక

"మూడేళ్లలో ఎంతమంది కలరా రోగులకు వైద్యం చేశారు?" అని అడిగాడు ఇంటర్వ్యూ బోర్డు చైర్మన్.

"ఒక్కరికీ చెయ్యలేదు సార్. అసలు రానివ్వలేదు," అంది డాక్టర్ సువార్త.

"రాని జబ్బును ఆపానంటే ఎలా నమ్మాలమ్మా?"

సువార్తకు ఒళ్లు మండింది. ఏజెన్సీలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంతో మొదలుపెట్టి, ఇరవై రెండేళ్లకు కొండవరం జిల్లా ఆరోగ్యాధికారి అయిన మనిషి ఆమె. అక్కడ జలసూచిని పట్టుబట్టి పెట్టించింది కూడా ఆమే. మంచినీటి పైపులో అమర్చిన ఆ సెన్సర్, కలరా క్రిమి జాడ తగలగానే, నీళ్లు ఇళ్లకు చేరకముందే హెచ్చరిస్తుంది. మూడేళ్లలో ఆరుసార్లు హెచ్చరించింది. ఆరుసార్లూ ఆమె నీళ్లు ఆపించింది. ఎవరికీ జబ్బు రాలేదు. కుళాయిలు రాలేదని మాత్రం ఊరంతా ఆమెను తిట్టిపోసింది.

ఆ ఇంటర్వ్యూలో రాష్ట్ర ఆరోగ్యశాఖ డైరెక్టర్ పదవి డాక్టర్ ఫణీంద్రకు దక్కింది. పక్క జిల్లాలో కలరా ప్రబలినప్పుడు ఆయన వారం పాటు శిబిరం వదలకుండా నాలుగు వందల మందిని బతికించాడు. అది నిజమే. ఆ జిల్లాకు జలసూచి అక్కర్లేదన్నదీ ఆయనే.

పదిహేను రోజుల తర్వాత, ఉదయం ఆరింటికి, సువార్త ఫోనులో ఏడో హెచ్చరిక మోగింది.

వాటర్ వర్క్స్ ఇంజనీర్ కనకరాజు విసుక్కున్నాడు. "మళ్లీనా మేడమ్? రుజువేదని కౌన్సిలర్లు నన్ను తినేస్తారు."

ఇంకెప్పుడైనా అయితే "ముందు వాల్వు కట్టెయ్యండి" అనేది. ఆ రోజు మాత్రం, "సరే, ల్యాబ్‌లో ఇంకోసారి పరీక్ష చేయించి చెబుతాను," అంది. రుజువు కావాలన్నారుగా, చూపిద్దాం అనుకుంది కసిగా. క్రిమి ఉన్నమాట నిజమేనని రిపోర్టు వచ్చేసరికి పదయింది. అప్పటికే కుమ్మరివీధికి నీళ్లు వదిలేశారు.

రెండు రోజులు తిరక్కుండానే పదకొండు మంది ఆసుపత్రిలో చేరారు. సువార్త వార్డులోనే తిని, వార్డులోనే ఉంది. అందరూ బతికారు. టీవీ వాళ్లు వచ్చారు. ఫణీంద్ర స్వయంగా వచ్చాడు.

"ఇన్నాళ్లకు మీ పని నలుగురికీ కనబడింది డాక్టరు గారూ. అడిషనల్ డైరెక్టర్‌గా మీ పేరే రాస్తున్నాను."

ఆయన వెళ్లాక, చివరి మంచం మీది కుమ్మరివీధి ముసలమ్మ సెలైన్ ఎక్కుతున్న చేతిని కష్టంగా లేపి దండం పెట్టబోయింది.

"నువ్వు లేకపోతే నేనేమైపోదునో తల్లీ!"

సువార్త ఆ చేతిని మెల్లగా దించి, సూది కదలకుండా పట్టుకుంది.