ఊపిరి డబ్బా

భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున తుఫాను షెల్టర్ ఉంది చూశారూ... దానికి మంచి పేరు లేదు. వెనకటి గాలివానకి ఊరంతా అందులోకి ఎగబడితే, తొక్కిడిలో ముగ్గురు ముసలోళ్లు ఊపిరాడక పోయారట. అప్పట్నుంచీ ఎవరెళ్లినా గుమ్మంలో ఆగి, "జరగండమ్మా... జరగండి" అన్నాకే లోపల అడుగు పెడతారు.

ఈ సంగతి చెబితే ధనరాజ్ పళ్లికిలించాడు. విజయనగరంలో నాలుగు వైర్లు కలిపి కీచుమనిపించి, దానికి సంగీతమని పేరెట్టుకున్న మేధావి లెండి. శిథిలాల కింద బతికున్నవాళ్ల ఊపిరిని రాడార్‌తో కనిపెట్టే పరిశోధన ఒకటుంది. అది చేస్తున్న సుహాసిని మేడం దగ్గర ఓ డబ్బా అడిగి తెచ్చి, ఎదురుగా ఎన్ని ఊపిర్లుంటే అన్ని స్వరాలు పలికేలా కట్టాడు. పీలిస్తే స్వరం లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఆ రాత్రి మేడం విని సరే అంటే ఢిల్లీలో ప్రదర్శన. కాదంటే డబ్బా వెనక్కి, రెండేళ్ల కష్టం గంగపాలు.

షెల్టరే ఎందుకంటారా? హాలు ఊరికే దొరికింది, అంతే.

సాయంత్రం ఒక్కడే లోపల కూర్చుని స్విచ్ నొక్కాడు. ఒక స్వరం పలకాలి...

నాలుగు పలికాయి.

ఊపిరి బిగబట్టాడు. ఒకటి ఆగింది. మూడు మాత్రం లేస్తూ దిగుతూనే ఉన్నాయి — నిదానంగా, ఆయాసంగా...

ఇంకొకడైతే పరిగెత్తేవాడు. ఈయనగారు చదువుకున్నోడాయె. "గోడల ప్రతిధ్వని" అని గొణిగి, లెక్కలోంచి మూడు తీసెయ్యమని లాప్‌టాప్‌లో ఓ లైను రాసిపారేశాడు. ఒకటే పలికింది. పరిశోధనంటే ఇదన్నమాట.

ఎనిమిదింటికి మేడం, ఇంకో ఇద్దరు సైంటిస్టులు కారు దిగారు. షెల్టర్ తాళాలు చూసే జగ్గమ్మ ఊడ్చడానికని వచ్చి గుమ్మంలో ఆగి, లోపలి చీకటితో మెల్లగా అంది.

"పెద్దోలొచ్చినారు... జరగండమ్మా. కాసేపు వరండాలో కూకోండి."

ధనరాజ్ సిగ్గుతో చచ్చిపోయాడు. "చదువు లేని మనిషి మేడం... ఏటేటో అంటాది."

జగ్గమ్మ ఊడ్చేసి, తాళంచెవి అతని చేతిలో పెట్టి ఇంటికెళ్లిపోయింది.

నలుగురూ కూర్చున్నారు. డబ్బా ఒకే ఒక్క స్వరం పలికింది.

సుహాసిని పెదవి విరిచింది. "నలుగురం ఉన్నాం కదా ధనరాజ్. నీ సంగీతం లెక్కన మనలో ముగ్గురం శవాలమా?"

ధనరాజ్ గబుక్కున లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. మూడు తీసేసే ఆ లైను చెరిపేశాడు. నాలుగు పలికాయి — సరిగ్గా నాలుగే. మేడం తలూపింది. అక్కడితో ఊరుకుంటే ఢిల్లీ ఎక్కేవాడు. కానీ సాయంత్రం తను తీసేసిన మూడూ ఏమయ్యాయో తెలియక ఉండలేకపోయాడు. డబ్బాని వరండా వైపు తిప్పాడు.

ఒకటి... రెండు... మూడు.

నిదానంగా, ఆయాసంగా లేస్తూ దిగుతూ...

వరండాలో ఎవ్వరూ లేరు. కారు వరండాకి అవతలుంది.

ఢిల్లీ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తెల్లారి జగ్గమ్మ వచ్చేదాకా ఆ నలుగురు చదువుకున్నోళ్లూ హాల్లోంచి కాలు బయటపెట్టలేదు.