మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ మలుపు

మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ మలుపంటే డ్రైవర్లకి హడల్. నిక్షేపంలాంటి బండి కూడా అక్కడికొచ్చేసరికి ఆగిపోతుందంటారు. చీకటి పడ్డాక ఎంత తొందరున్నా చుట్టూ తిరిగే పోతారు. నేను చెప్పేది మా మేనమామ నోట విన్నదే. ఆయన కార్ల మెకానిక్. దెయ్యం మాటెత్తితే పడీపడీ నవ్వే మనిషి... అప్పటిదాకా.

మా నాన్న టాక్సీ నడిపేవాడు. ఆ మలుపులో ఆయన బండి ఒకే నెలలో మూడుసార్లు ఆగింది. మూడోసారి కార్లో నొప్పులు పడుతున్న నిండు గర్భిణి. ఆవిడని వేరే బండి ఎక్కించేసరికి నాన్నకి ముచ్చెమటలు పట్టాయి. ఆ కోపమంతా తెచ్చి మామయ్య నెత్తిన కుమ్మరించాడు.

"ట్యాంకులో కొత్త పెట్రోలు పంపు వేశానని చెప్పి పాతది తగిలించావు. ఇక మీ అక్క నీ గడప తొక్కదు!"

మధ్యలో మా అమ్మ — అడకత్తెరలో పోకచెక్క.

"అక్కడికే పోదాం పద బావా. తప్పు నాదైతే షెడ్డు మూసేస్తా," అన్నాడు మామయ్య.

రాత్రి ఎనిమిదింటికి బయల్దేరారు. నాన్న స్టీరింగు దగ్గర, మామయ్య పక్క సీట్లో. 

మలుపు తిరిగారు. సగంలో ఉన్న పెట్రోలు ముల్లు — ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. ఇంజను రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగింది.

"దిగండి మెకానిక్కుగారూ," అన్నాడు నాన్న వెటకారంగా.

మామయ్య చెయ్యి చాచి తాళం తిప్పాడు. వెనక సీటు కింద పంపు ఒక్క క్షణమైనా గుయ్యిమనాలి.

ఏమీ లేదు.

"ముల్లూ పంపూ ఒకేసారి పోయాయంటే పంపు తప్పు కాదు బావా. రెండింటి కరెంటూ తిరిగెళ్లే ఎర్త్ వైరు ఒకటే. అది వదులై ఉంటుంది. నేను కింద నుంచి ట్యాంకు మీద రెండు దెబ్బలేస్తే వైరు మళ్లీ తగులుకోవచ్చు. నువ్వు తాళం తిప్పు."

తలుపు తెరిచాడు. కాలు బయట పెట్టబోయాడు...

ధబ్.

ట్యాంకు కింద నుంచి.

ధబ్... ధబ్.

పంపు గుయ్యిమంది. ముల్లు లేచి నిలబడింది.

"కింద ఎవణ్ణి పెట్టావురా?" అన్నాడు నాన్న.

"నీ పక్కనే ఉన్నాగా బావా... నాతో ఎవరొచ్చారు?"

ఈసారి దెబ్బ సరిగ్గా మామయ్య పాదాల కింద పడింది. రేకు అదిరింది. ఆ దెబ్బలో సాయం లేదట — 'పొండి' అన్న కసి ఉందట.

మామయ్య కాలు లోపలికి లాక్కున్నాడు. నాన్న తాళం తిప్పి బండిని దూకించాడు. వేగం తగ్గినప్పుడల్లా కింద నుంచి — ధబ్. షెడ్డు చేరాక గానీ ఆ దెబ్బలు ఆగలేదు.

తెల్లారి కారుని పైకెత్తారు. మామయ్య లైటు వేసి చూశాడు.

"ఇటు చూడు బావా."

ఎర్త్ వైరు వదులవ్వలేదు. తెగిపోయింది. రెండు కొసలూ చిలుము పట్టి ఉన్నాయి. మధ్యన బెత్తెడు ఎడం. అది నిన్న తెగింది కాదు — వారాల కిందట తెగింది.

కారు దించి నాన్న తాళం తిప్పాడు. పంపు పలకలేదు. ముల్లు సున్నా మీంచి కదల్లేదు.

"ఒరేయ్... మరి ఇన్నాళ్లూ బండి ఎలా నడిచింది? రాత్రి మనం ఎలా వచ్చాం?"

మామయ్య కొత్త వైరు తీశాడు. అది బిగిస్తున్నంతసేపూ లైటు నాన్నే పట్టుకున్నాడు.